గూట్లో చేట

కూర్చుని చేసే పని ఇప్పించమని పదకొండేళ్ళు దేవుణ్ణి అడిగాను. పొద్దుటి కుటుంబ ప్రార్థనలో మా మామ యోబు దేశాల కోసం, పాలకుల కోసం, రోగుల కోసం వరసగా అడుగుతూ పోతుంటే, నేను కళ్ళు మూసుకుని ఒక కుర్చీ అడిగేదాన్ని. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరికి బస్సులో నిలబడి పోవడం, అక్కడ ప్రైవేటు బడిలో ఏడు పీరియడ్లు నిలబడి లెక్కలు చెప్పడం, సాయంత్రం మళ్ళీ బస్సులో నిలబడి రావడం. టీచరు కూర్చుంటే పిల్లలకు నిద్రొస్తుందని మా కరస్పాండెంటు సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని ఆయన ఏసీ గదిలో కూర్చుని చెప్పేవాడు. నడుములో ఎముకలు అరిగాయని డాక్టరు తేల్చాక నేను నెల సెలవడిగితే, వాళ్ళు నా చోట్లో ఇంకో అమ్మాయిని నిలబెట్టుకున్నారు.

కాబట్టి బెంగళూరు కంపెనీ వాళ్ళు ఫోన్లో ఇంటర్వ్యూ చేసి, ఇంట్లోనే ఉండి చేసే పని ఇస్తామన్నప్పుడు నేను జీతమెంతో కూడా సరిగా వినలేదు. మీ ఇంట్లో కుర్చీ, బల్ల ఉన్నాయా అని వాళ్ళడిగిన ప్రశ్న దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు పాడైన వాళ్ళు ఫోన్ చేస్తే తెలుగులో జవాబు చెప్పాలి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా. ఏలూరు, కాకినాడ వైపు వాళ్ళకు మా కడప మాట మొరటుగా వినిపిస్తుందట, అందుకని ‘ఏంది’ అనకూడదు, ‘యాడ’ అనకూడదు అని ముందే శిక్షణ ఇచ్చారు. అననన్నాను. కూర్చోబెడితే ఏ యాసైనా మాట్లాడతాను.

అయితే మొదటి నెల పరీక్ష. రోజులో రెండుసార్ల కంటే ఎక్కువగా లైను తెగితే ఆ రోజుకు ఒక ఎర్ర గుర్తు. నెలలో ఐదు ఎర్ర గుర్తులు పడితే ల్యాప్‌టాప్ తిరిగి పంపించెయ్యాలి. మాట్లాడుతున్న కాల్‌ను మనంతట మనమే కోసేస్తే ఇక గుర్తులూ గిర్తులూ లేవు, ఆ రోజే ఇంటికి. ఇంట్లోనే ఉన్నదాన్ని ఇంకెక్కడికి పంపుతారని నేను నవ్వాను కానీ, ఎక్కడికి పోవాలో నాకు తెలుసు. నా భర్త సాల్మన్ రాజు పులివెందులలో అరటికాయలు ప్యాక్ చేసే షెడ్డులో సూపర్‌వైజరు. వారమంతా అక్కడే ఉండి ఆదివారం ఆరాధనకు వచ్చి పోతాడు. ఈ పని కూడా కుదరకపోతే నువ్వూ షెడ్డుకు వచ్చెయ్, గెలలు కడిగేదానికి ఆడోళ్ళు ఎప్పుడూ తక్కువే అన్నాడు. నీళ్ళ తొట్టి దగ్గర ఎనిమిది గంటలు నిలబడి చేసే పని అది.

మా ఇల్లు బండల మిద్దె. గోడలు మూరెడు మందం నాపరాయి. ఎండాకాలం చల్లగా ఉంటుందని ఊరంతా మెచ్చుకునే గోడలే, నా ఉద్యోగానికి శత్రువులని మొదటిరోజే తెలిసింది. ముందు గదిలో కూర్చుంటే ఎదురింటి పిండిమర చప్పుడు బెంగళూరు దాకా వినిపిస్తుంది. అందుకని వెనక, ఒకప్పుడు జొన్నలు పోసుకున్న గదిలో కుర్చీ, బల్ల వేసుకున్నాను. ఇంటర్నెట్టు డబ్బా ఉండేది నడిమింట్లో. మధ్యలో రెండు గోడలు. కంపెనీ పంపిన ల్యాప్‌టాప్ ఎంత పల్చటిదంటే, దానికి వైరు గుచ్చే చోటే లేదు. ఫోన్లోంచి నెట్టు పెట్టుకోవడానికి కంపెనీ ఒప్పుకోదు, ఒప్పుకున్నా ఆ గదిలో ఫోనుకు సిగ్నల్ ఉండదు. డబ్బాను జరపమంటే కేబుల్ అతను, ఆ తీగ గాజుతో చేసింది, వంచితే పుటుక్కుమంటుంది, కావాలంటే ఇంకో డబ్బా కొనుక్కోండి అని ఒక రేటు చెప్పాడు. మొదటి జీతం వచ్చాక చూద్దామనుకున్నాను. మొదటి జీతం రావాలంటే ముందు ఆ నెల గట్టెక్కాలి.

డబ్బా నడిమింట్లో ఎక్కడుందో చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. పక్కింటికీ మాకూ ఒకటే గోడ. ఎప్పుడో ఎవరో అన్నదమ్ములు ఒక్క ఇంటిని రెండుగా పంచుకుని అడ్డగోడ కట్టారట. తోడికోడళ్ళ మధ్య మాటలు ఆగిపోకూడదని ఆ గోడలో ఒక గూడు వదిలేశారట, అటు నుంచి ఇటు చెయ్యి దూరేలాగా. వాళ్ళ వైపు దానికి చిన్న చెక్క తలుపు ఉంది. ఆ అన్నదమ్ముల పిల్లలు ఇళ్ళు అమ్ముకుని వెళ్ళిపోయాక ఇటువైపు మా మామ కొన్నాడు, అటువైపు ఇప్పటి మా పక్కింటి జియావుల్లా వాళ్ళ నాన్న కొన్నాడు. గూడు మాత్రం అలాగే ఉంది. ప్లగ్గు పాయింటు దాని పక్కనే ఉండడంతో ఇంటర్నెట్టు డబ్బా ఆ గూట్లోనే పెట్టారు. ఒక మూలకు డబ్బా, మిగిలిన జాగాలోంచి గిన్నెలు ఇటూ అటూ పోతుండేవి.

అటువైపు గిన్నె అందుకునేది ఖమ్రున్నీసక్క. ఆమె భర్త జియావుల్లా కువైట్‌లో లారీ నడుపుతాడు. ఆమె ఇంట్లో మగ్గం పని చేస్తుంది. అంటే నేత మగ్గం కాదు. ఆరడుగుల చెక్క చట్రానికి జాకెట్టు గుడ్డ బిగించి, సూదితో జరీ, పూసలు కుట్టే పని. ప్రొద్దుటూరు బట్టల అంగడి ఒకటి ఆమెకు పెళ్ళి జాకెట్లు బస్సులో పంపుతుంది. పెళ్ళికూతుళ్ళకు ఈ కాలంలో ఓపిక లేదు. రోజుకు రెండుసార్లు వీడియో కాల్ చేసి, నెమలి మెడ ఇంకొంచెం వంచమంటారు, ఆకు తీసి మొగ్గ పెట్టమంటారు. ఆమె ఒక చేత్తో ఫోను చట్రం మీదుగా జరుపుతూ, ఇంకో చేత్తో చూపిస్తూ సరేనంటుంది. ఆ గోడల మధ్య వాళ్ళింట్లోనూ ఫోనుకు సిగ్నల్ ఉండదు కాబట్టి, ఆ కాల్స్ వచ్చేది మా నెట్టులోనే. రెండేళ్ళ కిందట ఒక రంజాన్ రోజు సేమ్యా గిన్నెతో పాటు మాటల్లో అడిగింది, నేను గూట్లోంచే పాస్‌వర్డు చెప్పాను. మామకు మాత్రం చెప్పలేదు. పాస్‌వర్డంటే ఇంటి తాళంచెవి లాంటిదని ఆయన నమ్మకం. బిల్లు కట్టేది ఆయన. ఆయనకు తెలియకుండా ఒక మంచిపని చేస్తున్నానని నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

మొదటి వారంలోనే రెండు ఎర్ర గుర్తులు పడ్డాయి. మాట మధ్యలో అవతలి మనిషి గొంతు ముక్కలు ముక్కలై, తర్వాత నీళ్ళలో మునిగినట్టు మాయమయ్యేది. మళ్ళీ కలిసేసరికి ఆ మనిషి తిట్లతో సిద్ధంగా ఉండేవాడు. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అండీ అనడం నా పని. రోజుకు నలభైసార్లు అనేదాన్ని. సాయంత్రం హెడ్‌ఫోను తీసేసరికి చెవులు వేడెక్కి, కుర్చీలోంచి లేవడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

మామ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఆయన ఆసుపత్రిలో ముప్పై రెండేళ్ళు మందులు కలిపి రిటైరైన మనిషి. జీవితంలో ఒక్క వస్తువు పారేసి ఎరగడు. పాత ఎక్స్‌రే ఫిలిములు మా కిటికీ అద్దాలు. ఖాళీ సెలైన్ సీసాలు పూలకుండీలు. ఆయన వేసుకున్న బీపీ మాత్రల రేకులన్నీ ఒక సంచిలో ఉంటాయి, ఎందుకో ఆయనకూ తెలియదు. ఆ సంచి ఎందుకు దాచాడో తెలిసే రోజు వచ్చిందని ఆయనకు ఫోన్లో ఒక వీడియో చెప్పింది. డబ్బా వెనక మెరిసే రేకు పెడితే, వెనక్కి పోయే సిగ్నల్ తిరిగి ముందుకొస్తుందట.

ముందు అన్నం తినే స్టీలు పళ్ళేలు నిలబెట్టాడు. మధ్యాహ్నం నాకు తినడానికి పళ్ళెం దొరకలేదు, సిగ్నలూ పెరగలేదు. తర్వాత పాలపొడి డబ్బా కత్తిరించి, వేలు కోసుకుని, ఆ రేకును ఇంటర్నెట్టు డబ్బా చుట్టూ తొడిగాడు. దానితో ఉన్న సిగ్నల్ కూడా చచ్చిపోయి మూడో ఎర్ర గుర్తు పడింది. ఆ రోజు నేను ఆయన మీద అరిచాను. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఎప్పుడూ అరవలేదు. ఆయన వేలికి గుడ్డ చుట్టుకుని బయటికి పోయాడు. నాకు ఏడుపొచ్చింది. అయినా ఆరు దాకా ఏడవడానికి వీల్లేదు, గొంతులో తెలుస్తుంది.

మర్నాడు ఆయన వంటింట్లో మేకుకు వేలాడే మా అత్తగారి చేట తీశాడు. అంచులు చీకిపోయిన వెదురు చేట, ఆమె పోయాక దానితో ఎవరూ చెరగలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి, వీడియోలో చూపించిన వంపు సరిగ్గా ఇదేనన్నాడు. ఇక దానికి అతికించడానికి పెద్ద రేకులు కావాలి. మాత్రల రేకులు ఆకుల్లా చిన్నవి. ఖమ్రున్నీసక్క వాళ్ళింట్లో పెళ్ళి బిర్యానీలు కట్టిచ్చిన వెండి రంగు రేకులు ఉంటాయని ఆయనే గుర్తు చేసుకుని, గూట్లోంచి పిలిచి అడిగాడు. సాయంత్రానికి ఆమె పదిహేను దాకా ఇచ్చింది. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, వేడి చెంబుతో ముడతలు లేకుండా రుద్ది ఇచ్చింది. ఎందుకని అడిగితే, మా కోడలు జీవితకు సిగ్నల్ రాల్యాదు అని మామ చెప్పాడట.

మైదా ఉడకబెట్టి, ఆ రేకులు చేట లోపలివైపు అతికించాడు. ఆరాక దాన్ని గూట్లో, డబ్బా వెనక, పక్కింటి తలుపుకు ఆనించి నిలబెట్టాడు. గూడు మొత్తం చేట పట్టేసింది. నేను వెనక గదిలో ఫోను పట్టుకుని నిలబడ్డాను. వైఫై ఒక్క గీత ఉండే చోట మూడు గీతలొచ్చాయి. ఆయన చేటను కొంచెం తిప్పాడు. నాలుగు గీతలూ నిండాయి. మామ నడిమింట్లోంచి, “గోడలోకి పోయి దండగయ్యేదంతా మనింట్లోకే తిప్పినా పాపా” అన్నాడు. ఆయన గొంతులో అంత సంతోషం నేను అత్తగారు పోయాక వినలేదు. నేను కుర్చీలో కూలబడి, దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. గోడ అవతల ఎవరున్నారో ఆ పూట నాకు నిజంగానే గుర్తు రాలేదు.

గుర్తొచ్చింది మూడో రోజు. నా గదికి పక్క సందులోకి చిన్న కిటికీ ఉంది. మధ్యాహ్నం ఒక కాల్‌కూ ఇంకో కాల్‌కూ మధ్య అటు చూస్తే, ఖమ్రున్నీసక్క ఎండలో నిలబడి ఫోను పైకెత్తి పట్టుకుని ఉంది. ఆమె చేతిలో కుట్టడం సగంలో ఉన్న జాకెట్టు గుడ్డ. చట్రంలోంచి ఊడదీసి బయటికి తెచ్చుకుందన్నమాట. బిగువు పోయిన గుడ్డ మీద నెమలి ముడుచుకుపోయింది. ఫోన్లో ఎవరితోనో ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అంటోంది. చేట ఏ వైపుకు వీపు పెట్టి నిలబడిందో అప్పుడు తట్టింది. సిగ్నల్‌ను ఎవరూ పుట్టించలేదు. ఆమె ఇంట్లోకి పోయేదాన్ని తెచ్చి నా గదిలో పోశాం.

లేచి పోయి చేట తీసేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను, కుర్చీలోంచి సగం లేచాను కూడా. ఈలోగా చెవిలో బీప్ మోగింది. కాకినాడ నుంచి ఒకామె, ఫ్రిజ్‌లో నీళ్ళు కారుతున్నాయట. కూర్చున్నాను. ఆ కాల్ అయ్యాక ఇంకొకటి. ఆరు గంటలయ్యేసరికి నాకు నేను నచ్చచెప్పుకున్నాను. ఇప్పటికే మూడు గుర్తులు. ఇంకా పద్దెనిమిది రోజులే కదా. ఉద్యోగం ఖాయం కాగానే రెండో డబ్బా కొని, ఆమెకు ముందుకంటే బాగా వచ్చేట్టు చేస్తాను. అన్నీ నిజమైన మాటలే. నిజమైన మాటలతోనే మనిషి తనను తాను ఎంత బాగా మోసం చేసుకోగలడో నాకు ఆ సాయంత్రం తెలిసింది.

ఆదివారం సాల్మన్ రాజు వచ్చినప్పుడు సంగతి చెప్పాను. పాస్‌వర్డు ఇచ్చిన సంగతితో సహా. ఆయన చెప్పుల బురద గీక్కుంటూ, నెల పూర్తి కానియ్, తర్వాత చూద్దాం అన్నాడు. మామకు చెప్పొద్దన్నాడు, తెలిస్తే ఆయన చేట పీకేస్తాడు, లేకపోతే పాస్‌వర్డు మార్చేస్తాడు, రెండిట్లో ఏదైనా గొడవే. ఆయన అలాగే అంటాడని నాకు ముందే తెలుసు. అనిపించుకోవడానికే చెప్పానేమో. ఇంకొకరి నోట్లోంచి వచ్చాక ఆ మాట నాది కాకుండా పోయి, కొంచెం తేలికపడ్డాను.

తర్వాతి వారం ఒక రోజు కరెంటు నాలుగుసార్లు పోయి నాలుగో ఎర్ర గుర్తు పడింది. ఇక ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కటి నా మెడ మీద కూర్చుంది. మిక్సీ వెయ్యడం మానేశాను. మామ చేట పక్కనుంచి నడిస్తే గాలికి కదులుతుందేమోనని, వాకిలి వైపు నుంచి తిరిగి రమ్మన్నాను. తిండి సహించేది కాదు. కళ్ళు మూస్తే చెవుల్లో బీప్ మోగేది. కూర్చుని చేసే పనికి నడుము నొప్పి తగ్గిన మాట నిజమే. ఒళ్ళంతా మాత్రం రోలు మోసినట్టు ఉండేది.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం కొళాయి దగ్గర ఖమ్రున్నీసక్క ఎదురైంది. గూడు మూసుకుపోయాక మేం మాట్లాడుకోవడమే తగ్గిపోయింది. మొహం పీక్కుపోయి ఉంది. నెట్టు గురించి అడుగుతుందని భయపడ్డాను. అడిగితే బాగుండునని కూడా ఉంది. ఆమె బిందె కింద పెట్టి, “పని కుదిరిందా జీవితా?” అని మాత్రం అడిగింది.

“ఇంకా లేదక్కా. ఒక్క గుర్తు పడితే పోతాది.”

ఆమె తలాడించి, అల్లా కుదురుస్తాడులే అంది. నా బిందె కూడా ఆమే ఎత్తి నా నడుము మీద పెట్టబోయి, నడుము సంగతి గుర్తొచ్చి, తనే మా గడప దాకా మోసింది. ఆమె వెనకాల నడుస్తూ నేను సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు తెరవలేదు.

ఇరవై అయిదో రోజు. పొద్దున పదిన్నరకు ఏలూరు నుంచి ఒక పెద్దాయన కాల్. కొత్త వాషింగ్ మెషిన్ ఇల్లంతా నడుస్తోందట, వెనక నాలుగు మరలు విప్పడం మరచిపోయారు. నేను ఒక్కొక్క మర గురించీ చెబుతున్నాను. కిటికీ అవతల ఆటో వచ్చి ఆగిన చప్పుడైంది. చూస్తే ఖమ్రున్నీసక్క తన చట్రం ముక్కలుగా విప్పి బయటికి తెస్తోంది. రెండు పొడుగాటి కొయ్యలు, రెండు పొట్టి కొయ్యలు, మడత స్టాండ్లు. ఆటో అతను వాటిని పైన వేసి తాడుతో కడుతున్నాడు. ఆమె బురఖా వేసుకుని, చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని ఉంది. ఏం జరుగుతోందో చూడగానే తెలిసిపోయింది. ఫోను అందని మనిషికి ఇంటికి పని పంపరు. అంగడికే వచ్చి కూర్చుని కుట్టమని ఉంటారు.

కిటికీ దగ్గరికి పోయి పిలవాలి. పిలిస్తే నా గొంతు ఏలూరుకు వినిపిస్తుంది. కాల్ కోసి పరిగెత్తాలి. కోస్తే ఉద్యోగం అక్కడితో సరి. పెద్దాయన మూడో మర ఎక్కడుందో కనబడడం లేదంటున్నాడు. నిదానస్తుడు, పాపం, కళ్ళజోడు తెచ్చుకుంటానమ్మా ఉండమన్నాడు. ఉన్నాను. తాడు కట్టడం అయిపోయింది. ఆమె ఇంటికి తాళం వేసి, ఒకసారి లాగి చూసి, ఆటోలో కొయ్యల చివరలు పట్టుకుని కూర్చుంది. నేను రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, “ఎడమ వైపు కింద చూడండి సార్, నల్లటి మూత ఉంటుంది” అన్నాను. ఆటో సందు మలుపు తిరిగింది. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అండీ అని కాల్ ముగించేసరికి సందులో ఎవరూ లేరు. పెద్దాయన నాకు ఐదు నక్షత్రాలు ఇచ్చాడు.

ఆ రోజు నుంచి ఆమె పొద్దున బస్సుకు ప్రొద్దుటూరికి పోవడం, రాత్రి ఏడున్నర బస్సుకు రావడం. ఎన్నో ఏళ్ళు నేను నిలబడి పోయిన బస్సే. ఆమె వచ్చి తాళం తీసిన చప్పుడు గూట్లోంచి నాకు వినిపించేది. ఒక్కసారైనా పోయి పలకరించలేకపోయాను. ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి, చేట ఉంచినా ఇప్పుడు నష్టం లేదు, పగలంతా ఆ ఇంట్లో మనిషే లేదు అని కూడా అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యమేసింది. అసహ్యమేసినంత మాత్రాన చేట కదల్లేదు.

ముప్పై ఒకటో రోజు సాయంత్రం నాలుగింటికి మెయిల్ వచ్చింది. నాలుగు గుర్తులతో గట్టెక్కాను. ఉద్యోగం ఖాయం. ఇన్ని రోజులు ఆ క్షణం కోసం బతికాను కదా, ఎగిరి గంతేస్తాననుకున్నాను. తల బల్ల మీద పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. ఆరు కాగానే కేబుల్ అతనికి ఫోన్ చేసి, రేపు పొద్దున తొమ్మిదిలోపల రెండో డబ్బా తెచ్చి పెట్టమన్నాను. నడిమింట్లోకి పోయి గూట్లోంచి చేట తీశాను. మామ బిత్తరపోయి, బాగా పనిచేస్తాండేదాన్ని ఎందుకు తీస్తాండావని అడిగాడు. అన్నీ చెప్పాను. పాస్‌వర్డు ఇచ్చింది, సందులో ఆమెను చూసింది, చూసీ ఊరుకున్నది. ఆయన చేట నా చేతిలోంచి తీసుకుని, దాని మీది రేకుల్ని చూస్తూ కూర్చున్నాడు. ఈ రేకులు ఆయమ్మే కడిగి ఇచ్చె గదా అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఏడున్నరకు బస్సు ఆగేచోట నిలబడ్డాను. ఖమ్రున్నీసక్క దిగింది. దిగి, కమ్మీ పట్టుకుని ఒక నిమిషం నిలబడి మోకాళ్ళు సవరించుకుంది. నన్ను చూసి ఆశ్చర్యపోయి, ఏమైంది, మామకు బాగుండాది గదా అని అడిగింది. బాగుందని చెప్పి, ఆమె సంచి అందుకున్నాను. ఇద్దరం నడిచాం. సగం దూరం పోయాక, చేట తీసేసినానక్కా, నీ ఇంట్లోకి మళ్ళీ సిగ్నల్ వస్తాది అన్నాను. ఆమె ఆగి, భయంగా నా మొహంలోకి చూసింది.

“మరి నీ పని?”

“ఖాయమైందక్కా. ఇయ్యాలే చెప్పినారు.”

ఆమె అరచెయ్యి నా చెంపకు ఆనించి, కళ్ళు మూసుకుని ఏదో దువా చదివింది. ఆ చెయ్యి సూది పోట్లతో గరుకుగా ఉంది. నేను ఆత్రంగా చెప్పుకుపోయాను. రేపట్నుంచి నువ్వు పోవద్దు, చట్రం తెచ్చేసుకో, అంగడి వాళ్ళకు ఫోన్ చెయ్యి అన్నాను. ఆమె నింపాదిగా తల అడ్డంగా ఊపింది. ఇంటి దగ్గర కుట్టేదానికని పెట్టుకున్న పెళ్ళికూతుళ్ళనందరినీ వాళ్ళు వేరేవాళ్ళకు పంచేశారట. ఇప్పుడు ఆమెకు అంగడిలో ఇచ్చేది మాత్రమే పని. మిద్దె మీద నలుగురు కుట్టేవాళ్ళున్నారు, ఫ్యాను ఉంది, ఫర్వాలేదులే అంది. జియావుల్లా ఫోన్ చేస్తే మాత్రం ఇంట్లో మాట్లాడుకోవచ్చు ఇక, అదే శానా సంతోషమంది.

ఆమె నిష్ఠూరమాడినా, గట్టిగా అరిచినా నేను తట్టుకునేదాన్ని. రోజుకు నలభైమంది చేత తిట్లు తినే మనిషిని. ఆ మెత్తటి మాటను మాత్రం తట్టుకోలేకపోయాను. నీకు ఎప్పుడు తెలిసిందక్కా అని అడిగాను. మామ గూట్లో నిలబెట్టిన రోజే తెలిసిందంది. గోడలోకి పోయేదంతా తిప్పినానని మామ నీతో అంటాంటే నాకు ఈ పక్కన వినపడె, ఆ పొద్దే మా ఇంట్లో ఆగిపాయ అంది. అంటే నాకంటే ముందే ఆమెకు తెలుసు. తెలిసీ కొళాయి దగ్గర నా బిందె మోసింది.

“ఒక్కమాట అడిగింటే సరిపోయేది గదక్కా” అన్నాను. నేరం ఆమె మీదికి కొంచెం నెట్టాలని, సిగ్గులేకుండా, ఇంకా చూస్తున్నాను.

“అడిగింటే నువ్వు తీసేసింటావు జీవితా. నీ సంగతి నాకు తెలీదా? తీసేసింటే నీ పని పోయుండు. అందుకే అడగల్యా.”

నేను తీసేదాన్ని కాదు. పంతొమ్మిది రోజులు తెలిసీ తియ్యనిదాన్ని, అడిగితే మాత్రం తీసేదాన్నా? ఎర్ర గుర్తులు లెక్కపెట్టి చూపించేదాన్ని, నా నడుము చూపించేదాన్ని, ఇంకో నాలుగు రోజులక్కా అని బతిమాలేదాన్ని. ఆమె నా గురించి అనుకుంటున్న ఆ మనిషి కోసమే, తన చట్రం విప్పుకుని బస్సెక్కింది. అలాంటి మనిషి మా ఇంట్లో ఎవరూ లేరని చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి. ఆమె నా మొహం చూసి నవ్వుతోంది.

“అవునక్కా, తీసేసింటా” అన్నాను.